పెదనాన్నకి నచ్చని మ్యూజియం

"నువ్వెళ్ళింది నిన్న కాక మొన్న. అప్పుడే మనకి శుభ్రం తెలీదనేస్తున్నావా అమ్మా?" బరంపురంలో అందరి ముందూ మా పెదనాన్న అనేశారు.

నేనన్నది అంత మాటేమీ కాదు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఆరోగ్యం గురించే పెద్ద మ్యూజియం ఉంది, మన ఊళ్ళోనూ ఒకటుంటే బాగుండు అన్నాను. గంజాం పల్లెలన్నీ హెల్త్ వర్కర్‌గా తిరిగి రిటైరైన మనిషి. ఎక్కడో గుచ్చుకుంది.

నేనక్కడ వృద్ధుల హోమ్‌లో నర్సుని. పెదనాన్నకి చెప్పాలనుకున్నదేమిటంటే, వాళ్ళకీ శుభ్రం పుట్టుకతో రాలేదు, పనిగట్టుకుని నేర్పితే వచ్చింది. నేర్పినాయన డాక్టరు కూడా కాదు, వ్యాపారి. పేరు కార్ల్ ఆగస్ట్ లింగ్నర్. ఓడోల్ అనే నోరు పుక్కిలించే మందు అమ్మి బాగా గడించాడు. క్రిములంటే జనానికి భయం పడితే మందు మరింత పోతుంది కదా, ఆ లెక్క ఆయనకి లేదంటే నేను నమ్మను. 1911లో డ్రెస్డెన్‌లో అంతర్జాతీయ హైజీన్ ఎగ్జిబిషన్ పెట్టించాడు. 50 లక్షల మందికి పైగా వచ్చారట. ఆ ఊపులో 1912లో మ్యూజియం మొదలైంది. సొంత భవనం 1930కి గాని రాలేదు. అప్పటికి లింగ్నర్ లేడు.

ఆ ఏడాదే గాజుమనిషిని చూపించారు. పేరుకే గాజు, అసలు ప్లాస్టిక్. చేతులు పైకెత్తి నిలబడి ఉంటాడు, లోపల గుండె, కాలేయం ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆ కోవ బొమ్మ ఇప్పటికీ ఉంది. అవన్నీ నర్సింగ్‌లో చదివినవే అయినా కదలబుద్ధి కాలేదు.

కానీ నన్ను వదలనిది బొమ్మ కాదు. 1933లో నాజీలొచ్చాక ఇదే మ్యూజియం ఎవరు పిల్లల్ని కనాలో, ఎవరు కనకూడదో చెప్పే ఎగ్జిబిషన్లు తయారుచేసింది. ఆ ఏడాది తెచ్చిన చట్టం కింద దాదాపు 4 లక్షల మందికి పిల్లలు పుట్టకుండా బలవంతపు ఆపరేషన్లు చేశారు. 1945 బాంబుల్లో భవనం బాగా దెబ్బతింది. తూర్పు జర్మనీ కాలంలో ఆరోగ్య ప్రచారానికి పోస్టర్లూ మోడళ్ళూ చేసే చోటైంది, దేశం ఒక్కటయ్యాక మళ్ళీ రూపు మారింది. ఆ పాత సంగతి మాత్రం దాచలేదు. 2006లో నాజీ వైద్యం మీద అమెరికా హోలోకాస్ట్ మ్యూజియం చేసిన ఎగ్జిబిషన్‌ని తెప్పించి, ఆ భవనంలోనే జనానికి చూపించారు.

దానికి నేను దణ్ణం పెట్టాను. మళ్ళీ నాలో నేనే వాదించుకున్నాను కూడా. యుద్ధంలో ఓడి, లోకమంతా నిలదీశాక దాచడానికి ఏం మిగిలింది? మనల్ని అలా ఎవరూ అడగలేదు. ఎమర్జెన్సీలో ఒక్క 1976-77లోనే దేశంలో 80 లక్షలకి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వాటిలో ఇష్టపడి చేయించుకున్నవాళ్ళెందరో, టార్గెట్‌కి దొరికిపోయినవాళ్ళెందరో. కేసులు తెమ్మని ఒత్తిడంతా పెదనాన్నలాంటి కింది ఉద్యోగుల మీదే.

అయినా మన ఊళ్ళో మ్యూజియం అంటూ పెడితే లింగ్నర్ లాంటి ధనవంతుడి బొమ్మ అక్కర్లేదు. మలేరియా వాళ్ళు భుజాన మోసిన డీడీటీ పంపు పెట్టాలి. బోదకాలు పురుగు పిల్లలు రక్తంలో కనిపించేది రాత్రి పూటే కాబట్టి, నిద్రపోయే ఇళ్ళ తలుపులు కొట్టి, తిట్లు తిని, వేలు పొడిచి రక్తం తీసిన గాజు పలకలు పెట్టాలి. పెదనాన్న ఆ పనీ చేశారు. అంత కష్టపడ్డ మనిషికి ఎవరూ శాలువా కూడా కప్పలేదు. డ్రెస్డెన్‌లో అయితే ఆ పలకలకి అద్దాల పెట్టె, లైటు, పక్కన వివరం ఉండేవి. ఇంతవరకు చెబితే ఆయన మురిసిపోతారు. పక్కనే 1976 నాటి కేసుల రిజిస్టర్ కూడా పెట్టాలంటే మాత్రం మళ్ళీ నాలుగు చీవాట్లు ఖాయం.