రేడియోలో విన్న పేర్లు పట్టుకుని పశ్చిమ క్లేర్‌లో

ఎన్నిస్‌లో కారు తాళాలు చేతికి రాగానే ముందు రేడియో సర్దుకున్నాం. ఐర్లండ్ పడమటి తీరాన ఉన్న క్లేర్ కౌంటీలో కన్సర్టీనా (రెండు చేతుల మధ్య తిత్తి కదుపుతూ బటన్లు నొక్కి వాయించే చిన్న పెట్టె) కళాకారులను వెతకాలంటే పని అక్కడే మొదలవుతుంది. మూడు స్టేషన్లు చాలు. క్లేర్ ఎఫ్‌ఎం 96.4 దగ్గర దొరుకుతుంది. ఆర్‌టీఈ రేడియో 1 ఎనభై ఎనిమిదికీ తొంభైకీ మధ్య, ఐరిష్ భాషలో నడిచే రేడియో నా గేల్టాక్టా తొంభై రెండుకీ తొంభై నాలుగుకీ మధ్య ఉంటాయి. శనివారం రాత్రి రేడియో 1లో ‘కేలీ హౌస్’ వస్తుంది, ఆ గంట వేరే పని పెట్టుకోకూడదు. క్లేర్ ఎఫ్‌ఎంలో సంప్రదాయ సంగీతానికి ‘ద వెస్ట్ విండ్’ ఉంది. పాత యాత్రా పుస్తకాలు చెప్పే రేడియో 1 వారి 252 లాంగ్ వేవ్ ప్రసారం 2023 ఏప్రిల్‌లో ఆగిపోయింది, లాంగ్ వేవ్ పట్టే పాత సెట్టు మోసుకెళ్లి లాభం లేదు. కొండ చాటున ఎఫ్‌ఎం గరగరలాడితే బండి మిట్ట మీదికి ఎక్కించి ఆపండి. ఇంటర్నెట్‌లో వినొచ్చులే అనుకుంటే ఆ సందుల్లో ఫోన్ సిగ్నల్ ఇంకా బలహీనం.

రేడియోలో మోగేది కన్సర్టీనానో కాదో ముందు పోల్చుకోవాలి. బటన్ అకార్డియన్‌లో ఒక్కో స్వరానికి సాధారణంగా రెండు రీడ్లు (గాలికి కంపించే లోహపు నాలుకలు) కలిసి మోగుతాయి. వాటి శృతిలో వెంట్రుకవాసి తేడా పెడతారు కాబట్టి శబ్దం అలలా కంపిస్తుంది. కన్సర్టీనాలో స్వరానికి ఒకే రీడ్. అందుకే కంపం లేకుండా, పొడిగా, కొంచెం ముక్కుతో పలికినట్టు వినిపిస్తుంది. అడపాదడపా అదే స్వరం కింది స్థాయిలో తోడు పలుకుతుంది. జాగ్రత్తగా వింటే బటన్ల టకటక, తిత్తి దిశ మారినప్పుడు చిన్న విరుపు కూడా తెలుస్తాయి. వెనక ఆగకుండా శృతి మోగుతుంటే అది ఇలియన్ పైప్స్ అనే ఐరిష్ తిత్తి వాయిద్యం.

పేరు పట్టుకోవడమే కష్టం. ఒక్కో పాటకు ఎనిమిది బార్ల (తాళపు కొలతల) చొప్పున రెండు భాగాలుంటాయి, ప్రతి భాగాన్నీ రెండుసార్లు వాయిస్తే ముప్పై రెండు బార్లు. రీల్ అనే నాట్యపు పాట వేగంలో ఇది అర నిమిషం పైచిలుకు. మూడు పాటలు కలిపి ఒక్కోటి రెండుసార్లు వాయిస్తే మూడున్నర నిమిషాలు దాటుతుంది. కళాకారుడి పేరు చాలాసార్లు ఆ తర్వాతే చెబుతారు, అదీ మూడు పాటల పేర్లతో కలిపి గబగబా. అందుకే గడియారం చూసి సమయం రాసుకోవాలి, తర్వాత మళ్లీ వినే సౌకర్యంలో అదే నిమిషానికి వెళ్లాలి. ఒకే మనిషిని ఒక స్టేషన్ ఐరిష్ పేరుతో, మరొకటి ఇంగ్లిష్ పేరుతో చెప్పడం మామూలే. ఊరి పేరు కూడా రాసుకుంటే ఇద్దరూ ఒకరేనని తేలుతుంది. పేరుకన్నా ఊరే గట్టి ఆధారమని మా నమ్మకం.

ఎన్నిస్ నుంచి ఎన్68 రోడ్డు మీద నలభై మూడు కిలోమీటర్లు నైరుతికి వెళ్తే కిల్‌రష్. మనలాగే ఎడమ వైపు డ్రైవింగ్ కాబట్టి ఆ ఇబ్బంది లేదు. మార్కెట్ స్క్వేర్‌లో క్రాటీ పబ్ ఉంది. ఎలిజబెత్ క్రాటీ (1885–1960) ఈ పబ్ నడుపుతూ కన్సర్టీనా వాయించేవారు. లోకం ఆమెను మిసెస్ క్రాటీ అనే పిలిచింది. 1954లో ఐర్లండ్ జాతీయ రేడియో అయిన రేడియో ఏరన్‌లో చేరిన కీరన్ మక్ మహూనా రికార్డింగ్ బండితో పల్లెలు తిరిగేవాడు. ఆయన మైకు ముందు కూర్చున్ననాటికి ఆమెకు డెబ్బై ఏళ్లు. క్లేర్‌లో కన్సర్టీనా చాలావరకు వంటింటి వాయిద్యం, ఆడవాళ్ల వాయిద్యం. చవకగా వచ్చిన జర్మన్ పెట్టెలతో ఇళ్లలోనే నాట్యాలు సాగేవి. 1935 నాటి డాన్స్ హాల్ చట్టం ఆ ఇంటి నాట్యాలను దెబ్బతీసి హాళ్లకు మళ్లించింది. హాలు నిండా జనం మధ్య ఈ చిన్న పెట్టె వినబడదు. అదే మైకుకు దగ్గరగా పెడితే ప్రతి మెలిక తేటగా వస్తుంది. క్రాటీ వాయింపు దేశమంతా వినబడింది రేడియో వల్లే.

ఇది విన్నప్పుడు మన హార్మోనియం గుర్తుకురాక మానదు. పద్యనాటకాన్ని తన భుజాన మోసిన ఆ పెట్టెను ఆలిండియా రేడియో 1940లో వెలివేసింది, 1971 దాకా తలుపు తీయలేదు. ఒక దేశంలో రేడియో రీడ్ల పెట్టెను వెతుక్కుంటూ పల్లెలకు వెళ్లింది, ఇంకో దేశంలో బయటికి నెట్టింది. ఈ సంగతి తలుచుకుంటే మాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కిల్‌రష్ నుంచి ఎన్67 రోడ్డు కిల్కీ, డూన్‌బెగ్, క్విల్టీ మీదుగా సముద్రం పక్కనే మిల్‌టౌన్ మాల్బేకి చేరుస్తుంది. ఇలియన్ పైప్స్ వాయించే ఈ ఊరి విల్లీ క్లాన్సీ 1973 జనవరిలో చనిపోయాడు. ఆ ఏడాదే ఆయన పేరిట వేసవి పాఠశాల మొదలైంది. జులై మొదటి వారంలో ఉదయాలు తరగతులు, సాయంత్రాలు కచేరీలు, రాత్రి ప్రతి పబ్బులోనూ సెషన్లు, అంటే కళాకారులు కలిసి కూర్చుని వాయించుకోవడం. కన్సర్టీనా కచేరీకి వేరే సాయంత్రమే కేటాయిస్తారు. రేడియోలో విన్న పేర్లలో చాలా వాటిని అక్కడ ఒకే వేదిక మీద చూడవచ్చు. ఆ వారం ఊళ్లో గది దొరకడం గగనం. లాహించ్‌లోనో ఎన్నిస్టైమన్‌లోనో నెలల ముందే చూసుకోవాలి. రాత్రి సెషన్ ముగిసేసరికి బస్సులుండవు కాబట్టి తిరుగు ప్రయాణం కూడా ముందే ఆలోచించుకోవాలి.

తరగతిలో వెనక కూర్చుని చూసినా వాయిద్యం మర్మం అర్థమవుతుంది. ఇక్కడ వాడేది ఆంగ్లో కన్సర్టీనా, సి/జి శృతి. చేతికి మూడు వరసల్లో పదిహేను చొప్పున ముప్పై బటన్లు, కుడి బొటనవేలికి గాలి బటన్. మన హార్మోనియంలో తిత్తి ఎటు కదిలినా మెట్టు ఒకే స్వరం పలుకుతుంది. ఇందులో ప్రతి బటన్‌కూ రెండు స్వరాలు. ఎడమ చేతి నడిమి వరసలో ఎడమ నుంచి మూడో బటన్ తిత్తి మూస్తే స, తెరిస్తే రి. నాలుగోది గ, మ. ఐదోది ప, ద. ఆ తర్వాత వచ్చే కుడి చేతి మొదటి బటన్ తిరగబడుతుంది: మూస్తే పై స, తెరిస్తే ని. కొత్తవాళ్లు తడబడేది ఈ బటన్ దగ్గరే. ఐరిష్ పాటలు ఎక్కువగా డి, జి శృతుల్లో ఉంటాయి కాబట్టి ఒకే వరసలో నడిస్తే తిత్తి అస్తమానం దిశ మారుతుంది. పాతతరం వాళ్లు చాలామంది అలాగే వాయించేవారు, ఆ విరుపుల్లోనే నాట్యపు ఊపు ఉండేది. తర్వాతివాళ్లు వరసలు దాటి అదే స్వరానికి ఇంకో బటన్ వాడి సాఫీగా సాగుతారు. అలా ఎక్కువసేపు ఒకే దిశలో పోతే గాలి అయిపోతుంది. స్వరం మోగుతుండగానే బొటనవేలితో గాలి బటన్ కొద్దిగా తాకి తిత్తి సరిచేసుకోవడం నేర్పుగల పని. క్లేర్ కన్సర్టీనా కళాకారుడు నోయెల్ హిల్ వాయింపులో దాన్ని గమనించండి, ఎక్కడ సరిచేశాడో చెవికి దొరకదు.

సెషన్‌లో కూర్చునే చోటు ముఖ్యం. శబ్దం పెట్టె రెండు చివరల నుంచి వస్తుంది. ఒక పక్కన కూర్చుంటే పై స్వరాలో కింది స్వరాలో ఒక్కటే వినిపిస్తాయి. ఎదురుగా, మీటరు దూరంలో ఉంటే రెండూ సమంగా అందుతాయి, రికార్డర్‌కూ అదే లెక్క. కానీ వాయించేవాళ్లను అడగకుండా రికార్డర్ బల్ల మీద పెట్టకండి. వాళ్ల పక్క కుర్చీలు ఖాళీగా కనిపించినా రావలసిన కళాకారుల కోసమే వదిలిపెడతారు. తాళం వేయాలనిపిస్తే పాదంతో మెల్లగా వేయండి. జిగ్ తిశ్రంలో, రీల్ చతురశ్రంలో నడుస్తాయి, మన చెవికి పట్టుకోవడం కష్టం కాదు.

ఉత్తరాన డూలిన్‌లో పాకీ రస్సెల్ (1920–1977) వాయించేవాడు. టిన్ విజిల్ (చిన్న రేకు పిల్లనగ్రోవి) వాయించే మీకో ఆయన అన్న. ఈ ఊళ్లో ఇప్పుడు పర్యాటకుల రద్దీ ఎక్కువ, కన్సర్టీనా వినడానికి మేమైతే రాత్రిపూట సిఫారసు చేయం. ఎన్67 మీద ఇంకా ముందుకు, బరెన్ సున్నపురాళ్ల గుట్టల కింద బెల్ హార్బర్. క్రిస్ డ్రోనీ (1925–2020) ఇక్కడి రైతు. నాట్యానికి అంత గట్టి ఊపు ఇచ్చిన కన్సర్టీనా తక్కువ. ఆయన రికార్డింగ్ రేడియోలో వస్తే మొదటి ఎనిమిది బార్లలోనే గుర్తుపట్టవచ్చు.

వాయిద్యం కొనుక్కుని తెచ్చుకునేవాళ్లకు రెండు మాటలు. విమానంలో చేతి సామానులోనే పెట్టుకోండి. పాతవాటికి ఎముక బటన్లుంటాయి, ఏనుగు దంతమని అనుమానపడకుండా అమ్మినవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. హైదరాబాద్ ఎండాకాలంలో రీడ్లు పట్టి ఉంచే చెక్క కుంచించుకుపోయి రీడ్లు వదులై జరజరమంటాయి. అప్పుడు రీడ్‌ను అరగదీయకండి, పెట్టెలో కాస్త తేమ ఉండేట్టు చూస్తే చెక్క మళ్లీ బిగుస్తుంది. విశాఖలో సమస్య ఉప్పుగాలి, ఉక్కు రీడ్లు తుప్పు పడతాయి. ఒక బటన్ ఒక దిశలోనే పలకకపోతే చాలాసార్లు కారణం రీడ్ కింద ఇరుక్కున్న నలుసు. ఆరు మరలు విప్పి, ఏ మర ఏ రంధ్రానిదో అట్టముక్కకు గుచ్చి గుర్తు పెట్టుకుని, పలుచని కాగితం రీడ్‌కూ చట్రానికీ మధ్య నెమ్మదిగా లాగితే చాలు. వాయించనప్పుడు పక్కకు తిప్పి, చివరి పలకలు నిలువుగా ఉండేలా భద్రపరచండి. లేకపోతే లోపలి తోలు వాల్వులు వేలాడి స్వరం ఆలస్యంగా పలుకుతుంది.

తిరుగు విమానం డబ్లిన్ నుంచి ఉంటే మెరియన్ స్క్వేర్‌లో 73 నంబర్ భవనానికి ఒక పూట ఉంచుకోండి. 1987లో మొదలైన ఐరిష్ సంప్రదాయ సంగీత భాండాగారం అక్కడే ఉంది. రేడియో వింటూ రాసుకున్న కాగితం అక్కడ పనికొస్తుంది: కళాకారుడి పేరు రెండు భాషల్లో, ఊరు, కార్యక్రమం, తేదీ, గంట. ఇవి చూపిస్తే అక్కడివాళ్లు దొరికిన రికార్డింగులు వినిపిస్తారు, సొంత హెడ్‌ఫోన్లు తీసుకెళ్లండి.