కబడ్డీ ఆడినవాణ్ణి, రగ్బీ లీగ్ కోచ్‌నయ్యాను: నా అనుభవం

మేముండేది సిడ్నీకి పడమటి వైపు, పారమట్టా దగ్గర. చలికాలం వచ్చిందంటే ఇక్కడి పిల్లలకి రగ్బీ లీగే లోకం (బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, ఆపాలంటే మనిషిని పట్టి పడెయ్యాలి), మావాడూ చేరతానని గోల చేశాడు. చేర్చడానికి వెళ్లిన రోజే క్లబ్ వాళ్లు, ఈ వయసు టీమ్‌కి కోచ్ లేడు, తల్లిదండ్రుల్లో ఎవరైనా ముందుకొస్తేనే టీమ్ ఉంటుందన్నారు. గుంటూరులో కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడినవాణ్ణి కదా, ఆ ధైర్యంతో చెయ్యెత్తేశాను. పట్టుకోవడం, పడెయ్యడం, అంతేగా!

ముందు కాగితాల పని. పిల్లలతో పనిచేయడానికి న్యూ సౌత్ వేల్స్‌లో వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ అని ఒకటుంటుంది, మా క్లబ్ కోచ్‌లందరినీ తెచ్చుకోమంటుంది. వాలంటీర్లకి ఉచితం, ఐదేళ్లు చెల్లుతుంది. తేలికే, కాకపోతే నేను అలవాటుకొద్దీ ఇంటిపేరు ముందు కొట్టి అసలు పేరు తర్వాత కొట్టాను, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంది, మళ్లీ మొదటినుంచి. తప్పు నాదే. మనవాళ్లెవరైనా అప్లై చేస్తుంటే ఇదొక్కటి చూసుకోండి.

కోచింగ్ కోర్సు కొంత ఆన్‌లైన్లో, మిగతాది ఒక ఆదివారం గ్రౌండ్‌లో. ఆ ఆదివారమే నా కబడ్డీ గాలి తీసేసింది. ఎవరైనా టాకిల్ చేసి, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేసి చూపించండి అన్నాడు నేర్పేవాడు. నేను వెళ్లి, కూతకొచ్చినవాణ్ణి పట్టినట్టు ఒక్కసారి వంగి చీలమండ దొరకబుచ్చుకున్నా, మనిషి పడ్డాడు కూడా. అతను మెచ్చుకోలేదు, "నీ తల ఎక్కడుందో చూసుకున్నావా?" అన్నాడు. పరిగెత్తేవాడి మోకాళ్లకి ఎదురుగా ఉంది! కబడ్డీలో అవతలివాడు తప్పించుకోవాలని చూస్తాడు, ఇక్కడ బంతి పట్టుకుని నేరుగా మీదకే వస్తాడు, తల అడ్డం పెడితే మోకాలు తగిలేది మనకే. కళ్లు పైకి ఉండాలి, భుజం ఆనించాలి, తల పక్కకి వెళ్లి వాడి వెనక ఉండాలి, చేతులు చుట్టేయాలి. ఇక్కడివాళ్లు పిల్లలకి 'చీక్ టు చీక్' అని చెప్తారు, మన బుగ్గ వాడి పిరుదుకి ఆనాలని, ఇంగ్లీషులో బుగ్గకీ పిరుదుకీ ఒకటే మాట కాబట్టి పిల్లలు పడీపడీ నవ్వుతారు, ఇక మర్చిపోరు. మొదట మోకాళ్ల మీద కూర్చునే చేయిస్తారు, నిలబడటం తర్వాత.

నాకు అసలు కష్టం అక్కడే అర్థమైంది. అన్నేళ్లు ఆడాను కానీ, ఎలా పట్టావని అడిగితే చెప్పలేను, చేతికి తెలుసు, నోటికి తెలీదు.

బంతి ముందుకి విసరకూడదనే రూల్ ఇంకో తలనొప్పి. వెనక్కి వెయ్యరా అంటే మావాళ్లు వెనక్కి తిరిగి మరీ పరిగెత్తేవాళ్లు, ట్రై అంటే అవతలివాళ్ల గీత దాటి బంతిని నేలకి ఆనించి పాయింట్లు కొట్టడం, ఇద్దరు మన గీత మీదే ఆనించి గెలిచినట్టు చేతులెత్తారు. ఆరు టాకిళ్లయ్యాక బంతి అవతలివాళ్లకి ఇచ్చేయాలంటే ఒకడు ఏడ్చాడు. తలకి దెబ్బ విషయంలో మాత్రం సరదా లేదు, అనుమానం వచ్చినా సరే బయటికి, ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. "వాడు బానే ఉన్నాడు కదా" అనే నాన్నలతో వాదన తప్పదు, ఒకసారి నాకూ అయింది.

సొంత కొడుక్కి కోచ్‌గా ఉండటం గురించి ఎవరూ ముందే చెప్పలేదు. మావాణ్ణి బయట కూర్చోబెడితే ఇంట్లో రెండ్రోజులు మాటల్లేవు, ఆడిస్తే పక్కవాళ్లమ్మ చూపు. అప్పుడే ఇక్కడి పెద్ద లీగ్‌లో ఆడే పెన్‌రిత్ క్లబ్ కోచ్ ఐవన్ క్లియరీ సంగతి చదివాను. ఆటగాడిగా 2002 గ్రాండ్ ఫైనల్ (టైటిల్ తేల్చే ఆఖరి మ్యాచ్) ఓడాడు, కోచ్‌గా 2011లో ఓడాడు, పెన్‌రిత్ 2015 సీజన్ అయ్యాక తీసేసి 2019 సీజన్‌కి మళ్లీ పిలిచింది, 2020లో ఇంకోటి ఓడాడు. ఆ తర్వాత 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు టైటిళ్లు, ఆ టీమ్‌లో ఆట నడిపించే హాఫ్‌బ్యాక్ ఆయన కొడుకు నేథనే. వాళ్లింట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవారో అని నాకిప్పటికీ కుతూహలం.

మేమింట్లో ఒక ఒప్పందానికి వచ్చాం: గ్రౌండ్‌లో నేను 'కోచ్', కారెక్కాకే 'నాన్న'. మొన్న శనివారం కారెక్కి బెల్టు పెట్టుకుంటూ, "నాన్నా, కోచ్ ఇవాళ మరీ అరిచాడు" అన్నాడు. చెప్తాలేరా అన్నాను.

వచ్చే సీజన్‌కి పై లెవెల్ కోర్సుకి అప్లై చేశా. ఈసారి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టాను.