కాళ్లు మొలుస్తాయి కదా అన్నారు

మా బావగారు పిల్లల ముచ్చట కోసం కొన్న ఆక్సలాటల్‌ని (ఎప్పుడూ నీళ్లలోనే బతికే ఒక రకం సాలమాండర్, ఉభయచరం) నేను ఇంటికి తెచ్చేసరికి దాని మొప్పల మీద దూది అంటించినట్టు తెల్లటి ఫంగస్. ముందుకాలు ఒకటి సగమే ఉంది. అదే ట్యాంకులో వేసిన చేపలు కొరికేశాయట. "దానికేముంది, కాళ్లు మళ్లీ మొలుస్తాయి కదా! అదే బాగైపోతుంది" అన్నారు బావగారు.

మొలుస్తాయి, నిజమే. కాళ్లే కాదు, తోక, వెన్నుపాము, గుండెలో కొంత భాగం కూడా తిరిగి పెరుగుతాయి. కానీ అందుకు ఒంట్లో సత్తువ ఉండాలి, చుట్టూ చల్లటి శుభ్రమైన నీళ్లుండాలి. ఇవి మెక్సికోలోని సోచిమిల్కో ప్రాంతపు చల్లని నీళ్లలో పుట్టిన జీవులు. 16 నుంచి 18 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి, 24 దాటితే నలిగిపోతాయి. ఆ ట్యాంకులో 28. అమ్మోనియా సున్నా ఉండాల్సిన నీళ్లు టెస్ట్ కిట్‌లో ముదురు ఆకుపచ్చకు తిరిగాయి, అంటే అమ్మోనియా బాగా ఎక్కువని. అడుగున గులకరాళ్లు, తిండితో పాటు వాటినీ మింగేస్తాయి ఇవి. పైన రోజంతా వెలిగే లైటు. దీనికి కళ్లకు రెప్పలుండవు, మూసుకోవడానికి కూడా లేదు.

మొదట చూపించిన డాక్టర్ డబ్బా మూత కూడా తీయలేదు. "చేపలకు మేం చూడం" అన్నారు. చేప కాదండీ, ఉభయచరం అంటే, "ఏదైతేనేం, ఇంకోటి కొనుక్కోండి" అన్నారు. ఇంటికొచ్చేదాకా నాకు నోట మాట రాలేదు.

రెండో డాక్టరమ్మ దగ్గర పెద్ద మందులేం లేవు. క్లోరిన్ తీసిన నీళ్లతో చిన్న టబ్బులో విడిగా పెట్టమన్నారు, రోజూ నీళ్లన్నీ మార్చమన్నారు, ఫంగస్‌కి మిథిలీన్ బ్లూ రాసిచ్చారు. ఎప్పుడు ఫోన్ చేసినా విసుక్కోలేదు. ఆవిడ రుణం తీరేది కాదు.

అయినా తిండి ముట్టలేదు, ఫంగస్ తగ్గలేదు. చివరికి ఆవిడ చెప్పాకే టబ్బుని మెల్లగా చల్లబరిచి ఫ్రిజ్‌లో పెట్టాను. 5 నుంచి 8 డిగ్రీల చలిలో దాని ఒంట్లో పనులన్నీ నెమ్మదిస్తాయి, ఫంగస్ కూడా నెమ్మదిస్తుంది. అమ్మ ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం ఖాళీ చేసిచ్చింది, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ రాత్రి ఫ్రిజ్ తలుపు తీస్తే అది పక్కకి ఒరిగి ఉంది. మొప్పలు కదలడం లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎప్పుడూ తెరిచే ఉంటాయి కాబట్టి ప్రాణం ఉందో లేదో వాటిని చూసి చెప్పలేం. చలిలో కదలిక తగ్గుతుందని తెలుసు, కానీ తెలిసింది ఆ క్షణాన పనికిరాలేదు. తలుపు ఎక్కువసేపు తెరిస్తే నీళ్లు వేడెక్కుతాయని భయం, మూసేస్తే చూడలేనని భయం. దేవుణ్ణి ఎప్పుడూ ఏదీ అడగనిదాన్ని, వంటింటి నేల మీద కూర్చుని ఆ బొటనవేలంత తల కోసం అడిగాను. టబ్బు అంచు మీద వేలితో తట్టాను. చాలాసేపటికి ఒక మొప్ప విదిలించింది. దేవుడు విన్నాడనే అనుకుంటున్నాను, ఎవరేమనుకున్నా సరే.

తర్వాత సంగతి తొందరగానే చెప్పొచ్చు. ఫంగస్ ఊడింది, మింగిన గులకరాయి బయటికొచ్చింది, టబ్బుని మళ్లీ మెల్లగా మామూలు చల్లదనానికి తెచ్చాక వానపాము ముక్క మింగింది. ఫ్రిజ్ వైద్యం మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఎవరూ చేయకండి. ఇంట్లో ఆక్సలాటల్ ఉంటే మందుల కంటే ముందు థర్మామీటర్, టెస్ట్ కిట్ కొనండి. గులకరాళ్లు తీసేయండి, చేపల్ని కలపకండి.

కాలు పూర్తిగా వచ్చింది, వేళ్లతో సహా. ఒక వేలు కాస్త వంకర. బావగారు చూసి, "నేను అప్పుడే చెప్పలేదూ, మొలుస్తుందని!" అన్నారు. అక్క తల తిప్పుకుంది. పిల్లలు అడుగుతున్నారు, తీసుకెళ్తాం అని కూడా అన్నారు. ముందు నీళ్లని చల్లబరిచే చిల్లర్ మెషీన్ కొనండి బావగారూ, కొన్ని వారాలు ఆగి ట్యాంకు సైకిల్ అయ్యాక, అంటే అమ్మోనియాని, దాన్నుంచి వచ్చే నైట్రైట్‌ని తినేసే బ్యాక్టీరియా అందులో పెరిగాక, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్న ఫోటో పంపండి, అప్పుడు మాట్లాడదాం అన్నాను.

ఫోటో ఇంకా రాలేదు.