అమ్మ చేయి వదలకుండా పార్కింగ్ కట్టాను

షికాగోలో డెవాన్ అవెన్యూ అంటే గోంగూర కట్టలు, ఆవకాయ సీసాలు, వాటితో పాటు తెలుగు మాటా వినిపించే వీధి. కొంత భాగానికి గాంధీ మార్గ్ అనే గౌరవ నామం కూడా ఉంది. జనవరిలో అమ్మను అక్కడి కంటి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాను. ఆమె విజయనగరం నుంచి వచ్చి అప్పటికి ఇరవై రోజులు కూడా కాలేదు.

అక్కడ వీధి పక్కన ఒక్కో కారుకు ఒక్కో పార్కింగ్ మీటరు ఉండదు. వరుస మొత్తానికి ఒక పే బాక్సు ఉంటుంది. ఇన్నాళ్లూ అందులో డబ్బు కట్టి, వచ్చిన రసీదును కారు అద్దం లోపల కనిపించేలా పెట్టేదాన్ని. ఆ రోజు మాత్రం పరీక్ష ఎంతసేపు పడుతుందో తెలియదు. కంట్లో చుక్కలు వేశాక చూపు మసకబారుతుంది. ఇంగ్లీషు మాట్లాడడం రాని అమ్మను ఆ స్థితిలో ఒంటరిగా కూర్చోబెట్టి మరో రసీదు కోసం పరుగెత్తడానికి నాకు మనసొప్పలేదు. కారులోనే కూర్చుని, ఫోను నుంచే పార్కింగ్ డబ్బు కట్టే పార్క్‌షికాగో యాప్ దించుకున్నాను.

ఈమెయిలు, కార్డు వివరాలు చకచకా అయిపోయాయి. కారు నంబరు దగ్గర ఆగాను. యాప్‌లో కడితే అద్దం వెనుక కాగితమేమీ ఉండదు, తనిఖీకి వచ్చేవారికి నంబరు ప్లేటే ఆధారం. ఒక్క అక్షరం తప్పితే కట్టిన డబ్బు ఇంకెవరి కారుకో చేరినట్టే. నా ప్లేటు మీద మంచు, రోడ్డు ఉప్పు పేరుకుపోయి 'బి' అక్షరం 8లా కనిపిస్తోంది. చేతి తొడుగుతో రుద్ది ఒక్కొక్కటీ పైకి చదివాను. తలుపు తీసి పెట్టుకుని, ఫోను కంటికి దగ్గరగా పట్టుకుని, అమ్మ సరిపోల్చింది. ఆ తర్వాత వీధి పక్క పార్కింగ్ బోర్డు మీద ఆ చోటుకు రాసి ఉన్న జోన్ నంబరు నమోదు చేశాను. తెర మీద వచ్చిన వీధి పేరు మనం నిలబడ్డ వీధిదేనా అని చూసుకున్నాకే డబ్బు కట్టండి. నేను గంటన్నరకు కట్టాను.

లోపల చుక్కలు వేసి కూర్చోబెట్టిన కాసేపటికి, గడువు దగ్గర పడిందని ఫోను మోగింది.

"కారు దగ్గరకు వెళ్లాలా తల్లీ?" అని అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

"అక్కర్లేదమ్మా" అని, పట్టుకున్న చేయి అలాగే ఉంచి, రెండో చేత్తో మరో గంట పెంచాను. బోర్డు మీద రాసిన గరిష్ఠ సమయం దాటితే యాప్ కూడా పెంచనివ్వదు. మా వరుసకు మూడు గంటలు కాబట్టి ఇబ్బంది రాలేదు.

ఒక్క విషయం మాత్రం నాకు మింగుడుపడదు. ఈ నగరం తన మీటర్లను 2008లో కుదిరిన ఒప్పందంతో దాదాపు 115 కోట్ల డాలర్లకు, 75 ఏళ్ల పాటు ఒక ప్రైవేటు సంస్థకు లీజుకిచ్చేసింది. నగరానికి కనీసం 97.4 కోట్ల డాలర్లు తక్కువ వచ్చాయని 2009లో నగర పాలనలోని అక్రమాలను, వృథాను పరిశీలించే అధికారి, ఇన్‌స్పెక్టర్ జనరలే లెక్క తేల్చారు. నేను కట్టిన ఆ గంట డబ్బు వీధి దీపానికో, మంచు ఎత్తే బండికో వెళ్లి ఉంటే ఇంకా సంతోషంగా కట్టేదాన్ని.

పరీక్ష ముగిసి బయటికి వచ్చేసరికి ఇంకా ఇరవై నిమిషాలు మిగిలాయి. వైద్యుడు ఇచ్చిన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, నా చేయి ఆసరాగా, అమ్మ పక్క కొట్టులోకి నడిచింది. గోంగూరను ముట్టుకుని చూసి, లేతగానే ఉంది, రెండు కట్టలు తీసుకోమంది.