బస్‌స్టాపు దాకా తోడు

మా అమ్మాయి స్కాట్లండులోని ఎడిన్‌బరోలో చదువుతోంది. అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. ఆ వేళకు కడపలో నేను రాత్రి గిన్నెలు సర్దుకుంటూ దాని ఫోను కోసం ఎదురుచూస్తుంటాను. మొన్న ఒక కొత్త మాట చెప్పింది: “అమ్మా, నా గదిలో ఉండే అమ్మాయి నన్ను బస్‌స్టాపు దాకా ‘చమ్’ చేసింది.”

ఇంగ్లీషులో చమ్ అంటే నేస్తం అని బడిలో చదువుకున్నాను. స్కాట్లండువాళ్ళు దాన్ని క్రియగా కూడా వాడతారు. ఒకరి వెంట తోడుగా వెళ్ళడమని అర్థం. వెళ్ళేవారికి అక్కడ తమ పనేమీ ఉండనక్కరలేదు. ఈ సంగతి వినగానే ఆ మాట మీద ప్రేమ పుట్టి, దాని పుట్టుక వెతికాను.

1680ల నాటి విశ్వవిద్యాలయ విద్యార్థుల మాట అది. ఒకే గదిలో ఉండేవాణ్ణి అలా పిలిచేవారు. గది అని అర్థమున్న ‘చేంబర్’లోంచి తెగిన ముక్క అయి ఉండాలని నిఘంటుకారులు అంటారు. చేంబర్‌కు మూలం లాటిన్ ‘కెమెరా’. మనం ఫొటోలు తీసే కెమెరా కూడా ఆ గదే, ఒక చీకటి గది. తర్వాత గది పంచుకోవడానికి ‘చమ్’ క్రియ అయింది. లండనులో అప్పు తీర్చలేనివాళ్ళను పెట్టే ఫ్లీట్ జైలులో, కొత్త ఖైదీని పాతవాడి గదిలో సర్దడాన్నీ ఆ క్రియతోనే చెప్పేవారు. చేతిలో డబ్బున్నవాడు కొత్తవాడికి కొంత ముట్టజెప్పి గదిని తానొక్కడే ఉంచుకునేవాడు. అలాంటి చోట నలిగిన మాట స్కాట్లండు చలిలో మనిషి పక్కన నడుస్తోందంటే నాకు ఎంతో సంతోషం.

మన తెలుగులో ‘నీతో వస్తాను’ అంటే నాకూ అక్కడ పని ఉండవచ్చు. ‘నీకు తోడు వస్తాను’ అన్నప్పుడు ఆ ప్రయాణమంతా నీదే. పాలను పెరుగు చేసే ఆ చెంచాడు మజ్జిగా తోడే. ‘అమ్మతోడు’ అని ఒట్టు పెట్టుకున్నప్పుడు, ఎక్కడో ఉన్న అమ్మను సాక్షిగా పక్కన నిలబెట్టుకుంటాం.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక పరీక్షకు తెల్లవారుజామున నాలుగు గంటల బస్సులో తిరుపతి వెళ్ళాలి. నాన్న ఊళ్ళో లేరు, అమ్మకు జ్వరం. పక్కింటి పెద్దమ్మ కొంగు తలమీదికి లాక్కుని, టార్చిలైటు పట్టుకుని బస్టాండు దాకా వచ్చింది. పరీక్ష గురించి ఒక్క మాట అడగలేదు. వీధి కుక్కలను అదిలిస్తూ నడిచింది. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే ఆ టార్చి వెలుగు ఒక్కటే వెనక్కి వెళుతోంది. ఆమెకు తోడు ఎవరని ఆ రోజు నాకు తోచనే లేదు.

అందుకే మొన్న మా అమ్మాయిని అడిగాను. “నువ్వు బస్సెక్కావు సరే, చీకట్లో ఆ పిల్లకు వెనక్కి ఎవరు తోడు?”

“గదికి చేరేదాకా ఫోనులో మాట్లాడుతూనే ఉన్నానమ్మా,” అంది.