డ్యూప్లెక్స్ ఇంటికి అప్పు: మా లెక్క

హైదరాబాద్ శివారులో రూ.1.20 కోట్లకు ఒక డ్యూప్లెక్స్ ఇల్లు మాట్లాడుకున్నప్పుడు, బ్యాంకు ఎంత ఇస్తుందన్న దానికన్నా మా చేతిలో ఎంత ఉండాలన్నదే అసలు ప్రశ్న అని నాకు ఆలస్యంగా అర్థమైంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రూ.75 లక్షలు దాటిన గృహరుణం ఇంటి విలువలో 75 శాతాన్ని మించకూడదు కాబట్టి మాకు గరిష్ఠంగా వచ్చేది రూ.90 లక్షలే. మిగిలిన రూ.30 లక్షలకు తోడు, స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే మరో రూ.9 లక్షలు, పూర్తిగా మా సొంత సొమ్ములోంచే కట్టాలి. ఆ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు.

ఇల్లు రూ.50 లక్షలు దాటింది కనుక అమ్మకందారుకు చెల్లించే మొత్తంలో 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి, ఆయన పేరున ప్రభుత్వానికి జమ చేసే బాధ్యత కూడా కొనేవారిదే.

8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలసరి వాయిదా దాదాపు రూ.78,100 అవుతుంది, మొత్తం వడ్డీ రూ.97 లక్షలు, అంటే అసలు కన్నా ఎక్కువ. ఈ అంకె చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చలన వడ్డీ (ఫ్లోటింగ్, అంటే మధ్యలో మారే వడ్డీ) గృహరుణాన్ని ముందే తీర్చినా వ్యక్తులపై అపరాధ రుసుము వేయకూడదు గనుక, ఏటా వచ్చే బోనస్‌ను నేరుగా అసలుకే జమ చేయాలని మేమిద్దరం నిర్ణయించుకున్నాం.