హోమ్ టీమ్ ఎవరు తాతా?

మేం ఉండేది అమెరికాలోని అయోవా రాష్ట్రంలో. బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్ జట్టు ఇక్కడ ఒక్కటీ లేదు. అయినా ఈ రాష్ట్రం మాదంటే మాదనే జట్లు ఆరున్నాయి. షికాగో నుంచి కబ్స్, వైట్ సాక్స్, ఇటు సెయింట్ లూయిస్ కార్డినల్స్, కాన్సస్ సిటీ రాయల్స్, పైన మినెసోటా ట్విన్స్, మిల్వాకీ బ్రూయర్స్. టీవీ హక్కులు పంచుకున్నప్పుడు అయోవాని ఆరుగురూ సొంత ప్రాంతం కింద రాసుకున్నారు. దాంతో చాలా ఏళ్లపాటు, లీగ్ వాళ్ల స్ట్రీమింగ్‌కి డబ్బు కట్టినా ఈ ఆరింటిలో ఏ జట్టు ఆడుతున్నా తెరమీద బ్లాకవుట్ అని వచ్చేది. మీ ఊరి జట్టే కదా, లోకల్ ఛానల్లో చూసుకోండి అని దాని అర్థం. ఆ ఛానల్ మన ప్యాకేజీలో ఉండదు. మా ఊరు డెమోయిన్‌లో కూర్చుని సియాటిల్ ఆట చూడొచ్చు, కారులో ఐదు గంటలు పోతే వచ్చే షికాగో ఆట చూడకూడదు.

మావాడికి ఈ సంగతి అర్థమైనప్పుడు కోపం రాలేదు, నవ్వొచ్చింది. "అందరూ మావాడే అంటారు, ఎవరూ లోపలికి రానివ్వరు" అన్నాడు. వాడికి అలవాటే మరి. నాది విశాఖపట్నం, మా ఆయనది కరీంనగర్. సెలవులకి వెళ్తే ఒక ఇంట్లో వాడి మాట ఆంధ్రా యాస, ఇంకో ఇంట్లో తెలంగాణ యాస, రెండు ఇళ్లలోనూ అమెరికా యాస. మీరు పిల్లల్ని రెండు సంస్కృతుల మధ్య పెంచుతున్నారు కదా అని ఎవరైనా అంటే ఆ రెండూ ఏవో నాకు లెక్క తేలదు.

డయర్స్‌విల్ మాకు దాదాపు మూడు గంటల దూరం. 1989లో వచ్చిన ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్ సినిమా కోసం అక్కడ మొక్కజొన్న చేలో ఒక మైదానం వేశారు. దాని పక్కనే సుమారు 8,000 మంది పట్టే స్టేడియం కట్టి, 2021 ఆగస్టు 12న లీగ్ ఒక మ్యాచ్ పెట్టింది. సరదా మ్యాచ్ కాదు, సీజన్ పట్టికలో లెక్కకి వచ్చేదే. వైట్ సాక్స్, న్యూయార్క్ యాంకీస్ ఆడారు. ఆఖరి ఇన్నింగ్స్‌లో టిమ్ ఆండర్సన్ కొట్టిన హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది, వెళ్లి చేలో పడింది, 9-8తో వైట్ సాక్స్ గెలిచింది. అయోవా వాళ్లకి టికెట్లు లాటరీలో ఇచ్చారు. మాకు తగల్లేదు, ఇంట్లోనే చూశాం.

ఆ రాత్రి ఫోన్లో మా నాన్నకి ఇదంతా వివరించడం మావాడి వంతైంది. గ్రౌండ్ ఎవరిదీ కాదు తాతా, కానీ వైట్ సాక్స్ హోమ్ టీమ్, వాళ్లు ఆఖర్న బ్యాటింగ్ చేస్తారు, వాళ్ల సొంత స్టేడియంలో ఆడాల్సిన ఆట ఒకటి వదులుకున్నారు అని చెప్పుకొచ్చాడు. నాన్న కాసేపు విని, "ఏటుందిరా ఇందులో, ఫంక్షన్ హాల్లో పెళ్లి లాంటిదే కదా. హాలు ఎవరిదీ కాదు. ఆడపెళ్లివారెవరో, మగపెళ్లివారెవరో అందరికీ తెలుసు. ఖర్చెవరిదో అంతకన్నా బాగా తెలుసు" అన్నారు. వాడికి పెళ్లి పద్ధతులు నేను మళ్లీ వివరించాల్సి వచ్చింది. అప్పట్నుంచి మా ఇంట్లో హోమ్ టీమ్‌కి ఆడపెళ్లివారనే పేరు.

అక్కడ మొదలైన ఆట ఇంకా ఆగలేదు. ఎవరి ఊరూ కాని చోట మ్యాచ్ పెడితే ఏ రెండు జట్లని పిలవాలి? భోజనాల దగ్గర ఇదే చర్చ. పిల్లలు పెట్టిన నియమం ఒక్కటే: రెండు జట్లకీ ఆ ఊరితో ఏదో ఒక సంబంధం ఉండాలి, పేరున్న జట్టని పిలవడం చెల్లదు.

ఈ లెక్కన 2021 మ్యాచ్‌కి మావాడు సగం మార్కులే వేశాడు. సినిమా కథలో షూలెస్ జో జాక్సన్ ఉన్నాడు. 1919 వరల్డ్ సిరీస్‌ని, అంటే ఆ ఏటి ఫైనల్‌ని, డబ్బుకి అమ్ముకున్నారన్న ఆరోపణతో జీవితకాలం వేటుపడిన ఎనిమిది మంది వైట్ సాక్స్ ఆటగాళ్లలో ఒకడు. కాబట్టి వైట్ సాక్స్‌కి కారణం ఉంది. మరి యాంకీస్ ఎందుకు, టీవీ కోసమా అని వాడి ప్రశ్న. చెల్లెలు ఒప్పుకోలేదు. సినిమాలో హీరో వాళ్ల నాన్న యాంకీస్ అభిమాని, ఆయన మీద పంతానికే కొడుకు చిన్నప్పుడు బ్రూక్లిన్ జట్టు వైపు ఉండేవాడు, అది చాలదా అంది. చాలనే నా తీర్పు. నాన్నకి నచ్చిన జట్టుకి ఎదురు జట్టుని ఎంచుకునే పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని ఇంకేం చెప్తాను?

2022లో కబ్స్, సిన్సినాటి రెడ్స్ వచ్చినప్పుడు గొడవ లేదు. కబ్స్ కింది స్థాయి జట్టు అయోవా కబ్స్ ఉండేది మా డెమోయిన్‌లోనే. 1919లో వైట్ సాక్స్ ఓడిపోయింది రెడ్స్ చేతిలో. అదే మైదానంలో 2026 ఆగస్టు మ్యాచ్‌కి ట్విన్స్, ఫిలడెల్ఫియా ఫిల్లీస్ పేర్లు ప్రకటించారు. ట్విన్స్ సరే, మన ఆరుగురిలో ఒకరు. ఫిల్లీస్ ఎందుకో పిల్లలు ఇంకా వెతుకుతున్నారు.

మా ఇంట్లో పూర్తి మార్కులు వచ్చింది అలబామాలోని బర్మింగ్‌హామ్‌కి. అక్కడి రిక్‌వుడ్ ఫీల్డ్ 1910 నాటిది. నల్లవాళ్లని మేజర్ లీగుల్లోకి రానివ్వని రోజుల్లో బ్లాక్ బ్యారన్స్ అనే జట్టు అక్కడ ఆడేది. 1948లో హైస్కూలు కుర్రాడు విల్లీ మేస్ ఆ జట్టులో ఉన్నాడు, తర్వాత మేజర్ లీగ్ జట్టు జెయింట్స్‌కి వెళ్లి మహా ఆటగాడయ్యాడు. 2024 జూన్ 20న ఆ మైదానంలో ఆడటానికి జెయింట్స్‌ని పిలవడానికి ఇంకో కారణం అక్కర్లేదు. ఎదురు జట్టు కార్డినల్స్. 1958కి ముందు మేజర్ లీగుల్లో అన్నిటికన్నా దక్షిణాన ఉన్న జట్టు వాళ్లదే, దక్షిణాది ఊళ్లలో రేడియోలో వినబడిందీ వాళ్ల ఆటే. మ్యాచ్‌కి రెండు రోజుల ముందు, జూన్ 18న, మేస్ చనిపోయారు. ఆ సాయంత్రం టీవీలో పాత ఆటగాళ్లు మాట్లాడుతుంటే మా అమ్మాయి, "వేరే లీగ్ ఎందుకు పెట్టుకున్నారు?" అంది. ఆడనివ్వలేదు కాబట్టి అని చెప్పాను. ఎవరు, ఎందుకు, ఎప్పటిదాకా అని వరసగా అడిగింది. నల్లవాళ్ల చరిత్ర నెల అని స్కూల్లో ఫిబ్రవరిలో చెప్పే పాఠం కన్నా ఆ రాత్రి వాళ్లకి ఎక్కువ ఎక్కిందని నా నమ్మకం. అమెరికా చరిత్ర చెప్పే పని స్కూలుదీ, మన చరిత్ర చెప్పే పని మనదీ అని చాలామంది తల్లిదండ్రులు పంచుకుంటారు. ఈ పంపకం నాకు నచ్చదు. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఇది కూడా ఇంట్లో వినాల్సిన కథే.

టెనెసీలోని బ్రిస్టల్ మావాడికి ఇష్టం. మేజర్ లీగ్ జట్టు లేని ఆ రాష్ట్రంలో కార్ల రేసు ట్రాక్ మధ్యలో మైదానం వేసి, 2025 ఆగస్టులో చుట్టుపక్కల అభిమానుల్ని పంచుకున్న అట్లాంటా బ్రేవ్స్‌నీ, సిన్సినాటి రెడ్స్‌నీ దింపారు. వాన వచ్చి ఆట మర్నాటికి పోయింది. హాజరు మాత్రం 91,032, లీగ్ సీజన్ మ్యాచ్‌ల్లో రికార్డు.

మా నాన్న దగ్గర వీటన్నిటికీ సమాధానం ఒకటే: "మా వైజాగ్ చూడలేదేటి మీరు?" నిజమే. మధురవాడ స్టేడియంకి ఉన్నన్ని అద్దె పెళ్లిళ్లు బ్రిస్టల్‌కి ఎక్కడివి? 2016లో మహారాష్ట్ర కరువు వల్ల అక్కడి ఐపీఎల్ మ్యాచ్‌లు తరలిస్తే పుణె, ముంబయి జట్లు రెండూ వైజాగ్‌ని సొంతూరు చేసుకున్నాయి. అలా ముంబయి ఆడపెళ్లివారిగా ఉండగా సన్‌రైజర్స్ వచ్చి వాళ్లని 92కే ఆలౌట్ చేసి పోయింది. 2024, 2025ల్లో ఢిల్లీ క్యాపిటల్స్ వంతు. జీఎంఆర్ కంపెనీ వాళ్లకి ఆ జట్టులో వాటా ఉంది, వాళ్లది రాజాం, అందుకే మన దగ్గరికి వచ్చారని నాన్న సిద్ధాంతం. 2024 మార్చి 31న ఢిల్లీ హోమ్ మ్యాచ్ అని టికెట్ మీద ఉన్నా, గ్యాలరీ నిండా చెన్నై పసుపు రంగే. ధోని 16 బంతుల్లో 37 కొట్టాడు, చెన్నై ఓడిపోయింది, అయినా జనం ఆనందంగానే ఇళ్లకి వెళ్లారట.

అసలు చిక్కు 2025 మార్చి 30న వచ్చింది. వైజాగ్‌లో ఢిల్లీ హోమ్ టీమ్, హైదరాబాద్ బయటి జట్టు. మాకు తెల్లవారుజామున ఐదింటికి. మా ఆయన కరీంనగర్ పౌరుషంతో నారింజ రంగు జెర్సీలో కూర్చున్నారు. అవతల వీడియోలో నాన్న. మధ్యలో మావాడి ప్రశ్న: "హోమ్ టీమ్ ఎవరు తాతా?"

"ఢిల్లీ అని రాశారులే. మన తెలుగోళ్లని మన ఊళ్లో మగపెళ్లివారిని చేసి కూచోబెట్టారు. బాగా మర్యాద చెయ్యాల."

ఢిల్లీ బౌలర్ స్టార్క్ ఐదు వికెట్లు తీసి ఆ మర్యాద చేశాడు. సన్‌రైజర్స్ 163కి ఆలౌట్, ఢిల్లీ 16 ఓవర్లలో ముగించేసింది. మా ఆయన ఆఫీసుకి తొందరున్నట్టు లేచిపోయారు. ఆదివారం!

సరదా పక్కన పెడితే, ఎటువైపు అనే ప్రశ్న పిల్లల్ని నలిపేస్తుంది. 2024 జూన్ 12న న్యూయార్క్‌లో టీ20 క్రికెట్ ప్రపంచకప్‌లో ఇండియా, అమెరికా ఆడాయి. అమెరికా బౌలర్ నేత్రావల్కర్ బంతికి కోహ్లీ సున్నాకే అవుటైతే మావాడు ఎగిరి గంతేశాడు. ఆ వీడియో నేనే కుటుంబం గ్రూపులో పెట్టాను. ఒక మావయ్య నుంచి వెంటనే ఫోన్: "ఏరా, అప్పుడే మారిపోయావా?" ఆయనకి వేళాకోళమే, వీడికి మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. తర్వాత సూర్యకుమార్ ఫిఫ్టీ కొడుతుంటే కూడా వీడు అరిచాడు, కానీ ఆ అరుపుకి వీడియో లేదు. మధ్యలో ఉన్నవాడు ఎవరి పక్షమూ కాదనుకుంటారు పెద్దలు. నేను చూసినంతలో వీడు రెండు పక్షాలూ, గట్టిగా, ఒకదాని తర్వాత ఒకటి. కాబట్టి ఇంట్లో ఎవరి వైపు అని అడగడం మానేశాం, ఎందుకు అని అడుగుతాం. నేత్రావల్కర్ ముంబయిలో పెరిగాడు, ఇంజినీరు, ఉద్యోగం చేసుకుంటూ బౌలింగ్ చేస్తాడు అని మావాడు చెప్పిన కారణం మావయ్యకి కూడా నచ్చింది.

ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర నడుస్తున్న కేసు: ఇండియాలో మేజర్ లీగ్ మ్యాచ్ పెడితే ఎవరిని పిలవాలి? పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఖాయం. 2008లో రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ అనే ఇద్దరు భారతీయ కుర్రాళ్లతో ఒప్పందం రాసుకున్నది వాళ్లే. రెండో జట్టు డాడ్జర్స్ కావాలని మా అమ్మాయి. ఆ జట్టు స్టార్ ఒతాని కోసమని తనే ఒప్పుకుంటోంది కాబట్టి అన్నయ్య వీటో. ఊరు వైజాగ్ అని మా నాన్న. ఉప్పల్ అని మా ఆయన. ఆడపెళ్లివారెవరో తేలితే ఖర్చు సంగతి తర్వాత మాట్లాడదామని నాన్న ఫోన్ పెట్టేశారు.